మా రోజుల్ల: రెండు రేడియోలు, ఒక్క వార్త

చెవులల్ల తెల్లగింజలు పెట్టుకొని బజార్ల తిరిగే పోరగాండ్లారా, మీకు చెప్పి లాభం లేదని నాకు ఎరుకే. అయినా చెప్త. ముసలోనికి ఇంకేం పనుంది? ఇంట్ల నోరు తెరిస్తే "మొదలువెట్టిండు" అని ఒక్కొక్కరు లేచి పోతరు. మీరు నడుమల లేచి పోయినా నాకు కనవడది, అదొక్కటే సుఖం.

మీరు వినేది వినుడు కాదు బిడ్డా, చెవులల్ల పడుడు. వేలు తాకంగనే పాట, వేలు తాకంగనే వార్త. జరసేపు ఆగితే "నెట్ పోయింది" అని ఫోన్ మంచం మీదికి ఇసురుతరు. మా రోజుల్ల పాట ఆగకపోతుండె. మెల్లగ మునుగుతుండె, మెల్లగ తేలుతుండె. మునిగిన జాగల ఏ మాట పోయిందో మనమే అంచనా కట్టుకోవాలె. సగం వార్త రేడియో చెప్తే మిగిలిన సగం మేం చెప్పుకుంటుంటిమి. మా తెలివి అట్ల పెరిగింది. ఊర్ల అబద్ధాలు గూడ అట్లనే పెరిగినయి, అది వేరే సంగతి.

మాది తిరుమలగిరి. ముందే చెప్తున్న, సికింద్రాబాద్ల ఉన్న మిలిట్రీ తిరుమలగిరి కాదు. సూర్యాపేట నుంచి జనగామ పోయే తొవ్వల ఉన్న తిరుమలగిరి. ఒకప్పుడు నల్లగొండ జిల్లా అని రాస్తే అయిపోయేది, 2016 అక్టోబర్ 11 నుంచి సూర్యాపేట జిల్లా అని రాయాలె. ఆ కోపం నాకు ఇంక పోలె. "దగ్గరైంది కదా తాతా, నల్లగొండ దాక పోయే తిప్పలు తప్పినయి కదా" అంటడు మా మనుమడు. తప్పినయి. అయితే ఏంది? బస్సుల కిటికీ పక్కన కూసొని నల్లగొండ దాక పోయే సుఖం గూడ తప్పింది.

బస్టాండ్ ఎనుక సందుల నాకు రేడియో రిపేర్ దుకాణం ఉండె. ఇప్పుడా జాగల సెల్లు కవర్లు, సెల్లు అద్దాలు అమ్ముతున్నరు. పగిలిన అద్దం తీసి కొత్త అద్దం అతికిచ్చుడు గూడ ఒక రిపేరేనా? నా బల్ల మీద మర్ఫీ, బుష్, ఫిలిప్స్, నేషనల్ ఎకో సెట్లు ఎనుక అట్టలు ఊడదీసి వరుసగ ఉండేవి. కరెంట్ లేని పల్లెల నుంచి బ్యాటరీ సెట్లు వచ్చేవి. వాటికి 90 వోల్టుల డ్రై బ్యాటరీ ఒకటి, ఫిలమెంటుకు ఇంకోటి. బండ్ల గడ్డి పరిచి, సెట్టును దాని మీద పెట్టి, తువ్వాల కప్పి తెచ్చెటోళ్లు. "నన్ను దవాఖానకు తెచ్చిననాడు ఇంత గడ్డి పరవలె" అని ఒకామె నా దుకాణం ముందటనే మొగణ్ని అర్సుకున్నది. సెట్టు ఇంట్ల ఉంటే పోస్టాఫీసుల లైసెన్సు కట్టాలె, ఏటేటా పుస్తకంల ముద్ర ఏపిచ్చుకోవాలె. పాట వినేతందుకు లైసెన్సా అని నవ్వకుండ్రి. పైసలు కట్టినం గనుకనే చెవి పెట్టి విన్నం.

హైదరాబాద్ కేంద్రం మీడియం వేవ్ల 738 కిలోహెర్ట్జ్ మీద గట్టిగ వచ్చేది, దానితోటి పంచాయతీ లేదు. తంటా అంతా షార్ట్‌వేవ్ తోటే. రేడియో సిలోన్ల తెలుగు పాటలు, మీనాక్షి పొన్నుదొరై గొంతు. బీబీసీ హిందీ. మాస్కో రేడియో తెలుగు. మాస్కో తెలుగుల మాట్లాడేదా అని కండ్లు పెద్దగ చెయ్యకు. మాట్లాడింది, మా దిక్కు జనం విన్నరు. ఇది ఎర్రజెండా సీమ బిడ్డా. 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య కూలిన కడవెండి మాకు ఎంత దూరం? నిజాం జమానల ఉర్దూ బడి చదివిన పెద్దమనుషులు మా దగ్గర మస్తుమంది, వాళ్లకు బీబీసీ హిందీ సాఫ్‌గ సమజయ్యేది. మాస్కో ఏమన్నది, లండన్ ఏమన్నది, రెండూ విని, రెండింటినీ తిట్టి, అప్పుడు బువ్వ తినెటోళ్లు. మీరు ఒక్కదాన్నే విని ఇంకోదాన్ని తిడుతరు.

లండన్ అంటుంటిమి గని ఆ గొంతు అన్నిసార్లు లండన్ల నుంచి నేరుగ రాకపోతుండె. సింగపూర్ నుంచో, ఒమన్ దగ్గరి మసీరా దీవి నుంచో మళ్ల పంపెటోళ్లు. ఎక్కడి నుంచి పంపినా షార్ట్‌వేవ్ నేల మీద నడిచి రాదు. మీదికి పోయి, రెండు మూడు వందల కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్ అనే పొరల వంగి, కిందికి దిగుతది. ఒక్క తొవ్వల దిగితే ఏ బాధా లేకపోవు. ఒక అల ఒక్క దుంకుల వస్తది, ఇంకో అల నేలకు తాకి మళ్ల లేచి రెండు దుంకులల్ల వస్తది. మన తీగ కాడ రెండూ జతపడితే గొంతు లేస్తది, ఎదురుపడితే చస్తది. పైన పొర ఒక్క తీరుగ ఉండదు, కదులుతనే ఉంటది. అందుకే గొంతు లేచుడు పడుడు. దాన్నే ఫేడింగ్ అంటరు. మా దిక్కు ఇంకో తద్దినం ఉంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశం దక్షిణపు కొస మీదికెల్లి పోతది. ఆ దగ్గరి ఆకాశంల పొద్దుగూకినంక పై పొర కలత పడి, కింది నుంచి బుడగలు లేచినట్టు చెదురుతది. అప్పుడు గొంతు ఊగుడు కాదు, గజగజ వణుకుతది. సరిగ్గ వార్తల యాళ్లకే.

ఆ కడుపుమంట నాకు 1971ల పట్టింది. ఆగస్టుల ఓవల్ టెస్టు. ముందటి నాడు చంద్రశేఖర్ 38 పరుగులకు 6 వికెట్లు తీసిండు, ఇంగ్లండ్ 101కి కుప్పగూలింది. ఇగ మనం గెలిస్తే ఇంగ్లండ్ గడ్డ మీద మొదటి గెలుపు. తెల్లారి మాపటి యాళ్ల దుకాణం ముందట జనం. ఊర్ల సగం మందికి క్రికెట్ అంటే ఏందో ఎరుక లేదు, గని తెల్లోని మీద గెలుసుడు అంటే ఏందో ఎరుకే. ఇంకొక్క దెబ్బ కావాలె. బ్యాటు మన హైదరాబాదీ ఆబిద్ అలీ చేతుల ఉంది. బంతి ఏస్తున్నడు అన్నరు, అంతే. గొంతు మునిగింది. సముద్రపు హోరు. తేలేసరికి ఆడ చప్పట్లు, ఈలలు, ఎవలో ఏదో అర్సుడు. అది మన గెలుపా, ఇంకో వికెట్ పడ్డదా తెల్వదు. ఒకాయన ఆగలేక నా సెట్టు నెత్తి మీద అరచేత్తోటి ఒక్కటి ఏసిండు. ఫోర్ కొట్టిండని, గెలిచినమని జరసేపాగి తెలిసింది. గెలిచినం గని ఆ దెబ్బ నేను వినలె. ఇప్పటికీ వినలె. మా మనుమడు యూట్యూబ్ల చూపిస్త అంటడు. చూసుడు వేరు అని చెప్పి నేనే వద్దంట.

ఈ రోగానికి మందు ఉందని చెప్పింది మా సుబేదారు మామ. మిలిట్రీ సిగ్నల్స్ల చేసి పింఛన్ మీద వచ్చినోడు. మాట్లాడితే ఒక్కొక్క మాట లెక్కపెట్టి ఏసేది, తంతి పంపినట్టు. ఆయనకు హామ్ లైసెన్సు ఉండె, అంటే షోకుకు సొంతంగ రేడియోల మాట్లాడే లైసెన్సు, వీయూ2 కాల్‌సైన్ తోటి. అప్పట్ల మొదటి గ్రేడ్ కావాలంటే మోర్స్ నిమిషానికి 12 మాటల చొప్పున పట్టాలె, కొట్టాలె. ఇప్పుడు కింది గ్రేడుకు మోర్సే అక్కర్లేదంట. రేపు రేడియో గూడ అక్కర్లేదంటరు. నాకు లైసెన్సు లేకుండె, వినుడే నా పని. మామ మాట్లాడుతుంటే నేను వింటుంటి. లోకంల రెండు రకాలూ ఉండాలె కదా.

హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్ల తుక్కు కుప్పల నుంచి మామ రెండు బీసీ-348 రిసీవర్లు పట్టుకచ్చిండు. రెండో ప్రపంచ యుద్ధంల అమెరికా బాంబర్ విమానాలల్ల పెట్టిన సెట్లు అవి. నల్లటి డబ్బ, ముందట పెద్ద గుండు, తిప్పుతుంటే గేర్లు నూనె పట్టినట్టు సాఫ్‌గ కదిలేవి. ఎత్తితే నడుము పట్టేది. విమానంల 28 వోల్టుల మీద తిరిగే డైనమోటర్ ఉండేది. అది ఊడపీకి, ట్రాన్స్‌ఫార్మర్ చుట్టి, ఇంటి కరెంట్ మీద నడిచేటట్టు చేసింది నేనే. పనిలపని, కరెంట్ అప్పట్ల రాత్రిపూట 170 వోల్టులే వచ్చేది గనుక దానికి తగ్గట్టు చుట్టిన. ఒకనాడు ఎందుకో 240 వచ్చింది. ఆ కథ ఇప్పుడెందుకు.

"ఒకటి చాలదా మామా, రెండెందుకు?" అంటే మామ నవ్విండు. పెండ్లిల ఇద్దరు వియ్యంకులు ఉంటరు కదా, ఇద్దరూ ఒక్కపారి అలగరు. ఈయన మూతి ముడుచుకున్న యాళ్ల ఆయన నవ్వుకుంట మాట్లాడుతడు. తెలివిగల్ల పెండ్లిపెద్ద ఎవలు నవ్వుతున్నరో వాళ్ల తోటి మాట్లాడి పెండ్లి నడిపిస్తడు. ఫేడింగ్ గూడ గంతే. ఒక తీగ కాడ అలలు ఎదురుపడి చచ్చినప్పుడు, ఇంకింత దూరంల ఉన్న తీగ కాడ అవే అలలు జతపడి లేస్తయి. రెండు తీగలు, రెండు సెట్లు, ఒక్కటే స్టేషన్. దీని పేరు డైవర్సిటీ రిసెప్షన్.

ఇది మామ కనిపెట్టింది కాదు. అమెరికాల ఆర్‌సీఏ కంపెనీ ఇంజనీర్లు హెరాల్డ్ బెవరేజ్, పీటర్సన్ అనెటోళ్లు లాంగ్ ఐలాండ్ల రివర్‌హెడ్ అనే ఊర్ల, సముద్రం అవతలి తంతి వార్తలు తెగకుండ పట్టేతందుకు మూడు ఏరియళ్లు ఎడం ఎడం పాతి, మూడు రిసీవర్లు పెట్టి దీన్ని నడిపిండ్రు. 1931ల అచ్చేసి లోకానికి చెప్పిండ్రు. తర్వాత 1938, 39 ప్రాంతంల చికాగో హాలిక్రాఫ్టర్స్ వాళ్లు ఒక్క పెట్టెలనే రెండు రిసీవర్లు ఇరికిచ్చి స్కైరైడర్ డైవర్సిటీ అని అమ్మిండ్రు. రెండు డజన్ల పైచిలుకు వాల్వులు. అది ఎలిగితే చలికాలం ఇంట్ల కుంపటి అక్కర్లేదు. హామ్ షోకు ఉన్నోళ్ల కోసం చేసిండ్రు గని, దాన్ని కొనే తాకతు ఉన్న హాములు ఎంతమంది? మాకైతే జుమ్మెరాత్ బజారే చికాగో.

తీగలు కట్టుడు సెట్లు చేసుడు కంటే పెద్ద పని. 31 మీటర్ల బ్యాండ్ల వినాలంటే రెండు తీగల నడుమ కనీసం రెండు మూడు అలల దూరం ఉండాలె అన్నడు మామ. అంటే దగ్గర దగ్గర నూరు మీటర్లు. మా బాయి కాడ తాటివనం ఉండె. తీగకు పైసలెక్కడివి? కాలిపోయిన బాయి మోటర్ల వైండింగ్ తీగ అడుక్కొచ్చి, మూడు పోగులు పేనినం. ఆ రోజుల్ల లో వోల్టేజ్ దయ వల్ల కాలిన మోటర్లకు కరువు లేకుండె. ఇన్సులేటర్లకు సీసాల మెడలు పగలగొట్టి వాడినం. వాటి అంచులు రాయి మీద అరగదీయాలె, లేకుంటే తాడు కోసుకపోతది. చెట్టెక్కింది గౌడన్న. మోకు ముత్తాదు బిగిచ్చి, నడుముకు కత్తుల పొదికి బదులు నా తీగ చుట్ట ఏలాడదీసుకొని ఎక్కిండు. గెలల దగ్గర ముడి ఏస్తుంటే కింద నుంచి మామ మిలిట్రీ గొంతు తోటి "లెఫ్ట్! జర లెఫ్ట్!" అని అర్సుడు. పైనున్నోనికి లెఫ్ట్ ఏదో, కిందున్నోనికి లెఫ్ట్ ఏదో కుదరక ఇద్దరికీ లడాయి. "నీ యుద్ధం నువ్వే ఎక్కి చేసుకో పటేలా" అని ఆయన దిగచ్చిండు. మళ్ల బతిమాలినం. పని అయినంక పైసలు ముట్టలె, ఎదురు లొట్టి దింపి మాకే పోసిండు. కల్లు తాగినంక కొలిచినం గనుక నూరు మీటర్లు అంటే అటో ఇటో అనుకో.

రెండో తీగ నిలువుగ ఏలాడదీసినం. ఒకటి పండుకొని, ఒకటి నిలవడి ఉంటే ఇంక మంచిది. పై పొరల వంగేటప్పుడు అల అడ్డం పొడుగు మారుకుంట వస్తది. పండుకున్న తీగకు చిక్కనిది నిలవడ్డ తీగకు చిక్కుతది. జాగ లేనోళ్లకు ఇదే అసలు ఉపాయం. నూరు మీటర్లు లేకున్నా నడుస్తది.

ఇగ వినుడు. మిలిట్రీ హెడ్‌ఫోన్ వైరు నడుమకు చీల్చి, ఎడమ చిప్ప ఒక సెట్టుకు, కుడి చిప్ప ఇంకో సెట్టుకు కలిపినం. రెండు సెట్లు ఒకటే స్టేషన్ మీద పెట్టి చెవులకు పెట్టుకున్నప్పుడు మొదలు తలకాయ తిరుగుతది. గొంతు ఎడమ చెవుల సన్నగైతది, కుడి చెవుల పెరుగుతది. మనిషి నీ నెత్తి లోపల ఈ గోడ నుంచి ఆ గోడకు నడుచుకుంట వార్తలు చదువుతున్నట్టు ఉంటది. జరసేపైనంక నడక సంగతి మరుస్తవు, మాట ఒక్కటే మిగులుతది. తెగదు. రెంటిని కలిపింది మిషిన్ కాదు, మెదడు. నీ మెదడుకు అంత పని ఎప్పుడన్న చెప్పినవా?

నలుగురు వినాలంటే స్పీకర్ పెట్టాలె, అప్పుడు మెదడు ఉపాయం నడవది. రెండు సెట్లను ఊరికే కలిపితే గొంతు పడిపోయిన సెట్టు ఊకుండదు. లోపల ఏవీసీ అని ఒకటి ఉంటది, అది సిగ్నల్ తగ్గంగనే సెట్టు బలం పెంచుతది. సిగ్నల్ లేని సెట్టు బలమంతా పెట్టి వట్టి బరబరనే మోస్తది. అందుకని రెండు సెట్ల ఏవీసీ తీగలను ఒక్కకాడ ముడేస్తరు. అప్పుడు బలమైన సిగ్నల్ ఉన్న సెట్టే రెండింటినీ అదుపుల పెడుతది, బలహీనమైనది నోరు మూసుకుంటది. ఎంత పెద్దమనిషి తరీఖ చూడుండ్రి. ఇప్పుడు టీవీ చర్చలల్ల ఆ తీగ ఎవడో కోసేసిండు.

గని సెట్లను పక్కపక్కన పెట్టొద్దు. ఒకదాని ఆసిలేటర్ ఇంకోదాంట్ల దూరి కూత పెడుతది. మేం ఒకటి బల్ల మీద, ఒకటి గడంచె కింద పెట్టి, నడుమ గోధుమల డబ్బ రేకు అడ్డం నిలవెట్టినం. ఇంకోటి, ఏఎం వార్తలకైతే ఈ కలుపుడు మంచిగనే, హాములు మాట్లాడే ఎస్ఎస్‌బీ పద్ధతికి కుదరదు. రెండు సెట్ల లోపలి ఆసిలేటర్లు జర అటు ఇటు ఉన్నా, ఒక్కటే మనిషి రెండు గొంతుల మాట్లాడుతడు. దానికి రెండు సెట్లను ఒక్కటే ఆసిలేటర్ మీద నడిపియ్యాలె. మామ ఆ పని మొదలుపెట్టిండు. చివరిదాక మొదలుపెడుతనే ఉండె.

నా రెండు సెట్ల సత్తా ఊరికి తెలిసింది 1991 ఆగస్టుల. పంతొమ్మిదో తారీఖు, మాస్కోల గోర్బచెవ్‌ను దింపేసిండ్రని వార్త. కరెంట్ ఉంది గని దూరదర్శన్ మాట మీద మా కామ్రేడ్లకు నమ్మకం లేదు. బీబీసీ వినాలె. రాత్రి నా ఇంటికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చిండ్రు. ఒకాయన సీపీఐ, ఒకాయన సీపీఎం. 1964ల పార్టీ చీలిననాటి నుంచి ఒకరి మొకం ఒకరు చూసుకోరు, ఒకే హోటల్ల చాయ్ తాగుతరు గని రెండు బల్లల మీద. స్పీకర్ చెడిపోయి ఉండె. హెడ్‌ఫోన్ ఒక్కటే ఉంది. ఏం చేస్త? చిప్పలు రెండు ఊడదీసి, ఎడమది సీపీఐ ఆయన చేతికి, కుడిది సీపీఎం ఆయన చేతికి ఇచ్చిన.

చూడాలె ఆ తమాషా. ఈయనకు గొంతు లేచినప్పుడు ఆయనకు పడుతది. "గోర్బచెవ్‌కు ఆరోగ్యం బాగలేదంట" అన్నడు ఎడమాయన. కుడాయనకు ఆ ముక్క పడలె, "ఏం లేదు, ట్యాంకులు దిగినయంట" అన్నడు. "ట్యాంకులు దిగితే మనోళ్లే, ఇగ అయిపోయింది" అని ఈయన సంబురపడ్డడు. "ట్యాంకు ఎక్కింది మనోడు కాదు, యెల్త్సిన్" అన్నడు ఆయన. "యెల్త్సిన్ ఎందుకెక్కుతడు, నువ్వు సరిగ్గ విను." "నువ్వే విను, నీది ఎప్పుడూ సగమే." ఇద్దరూ నిజమే చెప్తున్నరు, ఇద్దరికీ సగం సగమే అందుతున్నది. వార్తలైపోయినంక నేను ఒక్కడినే రెండూ కలిపి వరుసగ చెప్పిన. ఇద్దరూ నన్ను నమ్మలె. నన్ను నమ్మకుండుట్ల మాత్రం ఆ రాత్రి రెండు పార్టీలు ఒక్కటైనయి.

మేం తిట్టుకునే ఈ ఫేడింగునే కొందరు చదువుకున్నోళ్లు కూసొని కొలిచిండ్రని తర్వాత తెలిసింది. వాల్తేరుల ఆంధ్ర విశ్వకళాపరిషత్తుల రామచంద్రరావు ప్రొఫెసర్, ఆయన శిష్యులు 1950ల నుంచి ఇదే పని. ఆకాశం మీదికి అలలు పంపి, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని ఎడం ఎడంగ పెట్టిన ఏరియళ్ల మీద పట్టేది. ఈ ఏరియల్ కాడ పడ్డ గొంతు ఆ ఏరియల్ కాడ ఎంతసేపటికి పడ్డదో చూసి, పైన అయనోస్ఫియర్ ఏ దిక్కుకు, ఎంత జోరుగ కదులుతున్నదో లెక్కగట్టెటోళ్లు. అంటే మా ఇంట్ల ఎడమాయనకు, కుడాయనకు మధ్యన ఉన్న తేడాల ఆకాశంల గాలి లెక్క దాగుందన్నట్టు. మామకు చెప్తే "సిగ్నల్స్ల ఇదంత ఎరుకే" అన్నడు. ఆయనకు ఎరుక లేని సంగతి ఆయన ఎన్నడూ ఒప్పుకోలె.

మామ పోయినంక రెండు సెట్లు నాకే మిగిలినయి. 2004 డిసెంబర్ల హైదరాబాద్ సోమాజిగూడల ఉన్న హాముల సంస్థ ఎన్ఐఏఆర్ నుంచి భారతీ ప్రసాద్ తోని హాముల జట్టు ఒకటి అండమాన్ పోయింది. ఆడికెల్లి హామ్ గొంతు విని ఏండ్లు గడిచినయి గనుక లోకమంతా వీయూ4ఆర్‌బీఐ అనే ఆ జట్టు కాల్‌సైన్ కోసం ఎగబడ్డది. నేను 14 మెగాహెర్ట్జ్ మీద రెండు చెవులు పెట్టుకొని కూసున్న. ఎస్ఎస్‌బీ గనుక రెండు చెవులల్ల రెండు గొంతులు. అయినా ఒకటి పోయినప్పుడు ఒకటి. డిసెంబర్ 26న సునామీ వచ్చింది. షోకుకు పోయినోళ్లు ఆ రేడియోల మీదనే ఎవలు బతికిండ్రు, ఎవలికి ఏం కావాలె అని కబుర్లు మోసిండ్రు. పోర్ట్‌బ్లెయిర్ల ఫోన్లు పడిపోయినయి, తీగ కట్టుకున్నోళ్లు నిలవడ్డరు. దీన్ని మాత్రం నేను ఎవలకు చెప్పినా గొంతు పెంచే చెప్త, మీరు ఏమన్న అనుకోండ్రి.

ఇప్పుడేముంది వినేతందుకు? మాస్కో తెలుగు ఎప్పుడో పోయింది. బీబీసీ హిందీ రేడియో 2020 జనవరి 31న బంద్ పెట్టిండ్రు. మిగిలిన ఒకటి రెండు స్టేషన్ల మీద కూసునేతందుకు కొత్త పిశాచాలు తయారైనయి. ఎల్‌ఈడీ బల్బు ఏసినవా, సెట్టుల జుయ్యి. ఇన్వర్టర్ పెట్టినవా, ఇంకో రాగం. అడివిపందులు రావద్దని చేన్లకు పెట్టిన కరెంట్ కంచె టక్కు, టక్కు, టక్కు అని రాత్రంత నా రెండు చెవులల్ల ఒక్కపారే కొడుతది. ఫేడింగ్ ఒక తీగను విడిచి ఒక తీగను పట్టేది, దానికి ధర్మం ఉండె. ఈ కంచెకు ఆ ధర్మం గూడ లేదు. ఎడమకు, కుడికి సమానంగ కొడుతది. దీనికి డైవర్సిటీ గిట్ల ఏం పనిచెయ్యది. తాటివనంల సగం చెట్లు ప్లాట్లు చేసేటోళ్లు కొట్టేసిండ్రు. కాలువ నీళ్లు వచ్చి నాలుగు దిక్కుల వరి పండుతున్నది, మంచిదే, ఆముదాలు, జొన్నలు పోయినయి, అదీ మంచిదేనంట. నాకు మంచిగ అనిపిస్తలేదు గంతే.

ఒకనాడు ఇదంత మా మనుమడికి చెప్పిన. వాడు హైదరాబాద్ల సెల్లు కంపెనీల ఏదో ఇంజనీరు. అంతా విని, నవ్వి, "తాతా, నా ఫోన్ల ఉన్నదీ ఇదే" అన్నడు. 4జీ ఫోన్ అంటే లోపల రెండు రిసీవ్ ఏరియళ్లు ఉండి తీరాలెనంట. టవర్ సిగ్నల్ గోడలకు తాకి, బిల్డింగులకు తాకి నాలుగు తొవ్వల వస్తదంట, ఒక ఏరియల్ కాడ చచ్చినప్పుడు ఇంకోదాని కాడ లేస్తదంట. రెండింటినీ బలం చూసి, బలమున్నదానికి ఎక్కువ విలువిచ్చి, కండ్లు మూసి తెరిసేలోపట మస్తుసార్లు కలుపుతదంట. ఇంట్ల వైఫై డబ్బకు కొమ్ములు రెండు ఎందుకున్నయి అనుకున్నవు తాతా అన్నడు. నేను ఇన్నేండ్లు దాన్ని వైఫై షోకు అనుకున్న.

నాకు ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. మా సుబేదారు మామ, గౌడన్న, కాలిన మోటర్ల తీగ, గోధుమల డబ్బ రేకు, అన్నీ కలిసి వేలు అంత ముక్కల దూరి కూసున్నయి, అదీ చప్పుడు చెయ్యకుండ. చేసే పని చెప్పి చెయ్యాలె కదా. మేం రెండు చెవుల పెట్టుకొని కష్టపడ్డది లోపల దొంగచాటుగ చేసి పెడితే, మీకు అది అసలు మునుగుతున్నదని గూడ తెలువదు. తెలువనప్పుడు తేలిందని సంబురం యాడికెల్లి వస్తది?

వాడు నాకు ఇంకో పని గూడ చేసిపోయిండు. నెదర్లాండ్స్ల ట్వెంటే అనే యూనివర్సిటీల పెట్టిన రిసీవర్ ఒకటి ఇంటర్నెట్ల చూపెట్టిండు, మనం ఈడ కూసొని దాన్ని తిప్పుకోవచ్చు. ఆడ కంచె లేదు, ఎల్‌ఈడీ జుయ్యి లేదు. అటువంటివి లోకంల ఇంకా శానా ఉన్నయంట. ఒక చెవుల మా తాటిచెట్టు, ఇంకో చెవుల నెదర్లాండ్స్ పెట్టుకొని ఒకటే స్టేషన్ విన్న. నూరు మీటర్లు కాదు, వేల కిలోమీటర్ల ఎడం. నెట్ల నుంచి వచ్చే గొంతు జరసేపు ఆలస్యంగ వస్తది, అందుకని ఒక్కొక్క మాట రెండుసార్లు వినవడుతది. మామ ఉంటే "లెఫ్ట్, జర లెఫ్ట్" అనెటోడు. రాత్రిపూట వింటున్న గని, ఈ సంగతి ఇంట్ల ఎవలకు చెప్పకుండ్రి. పగటిపూట నేను ఇంటర్నెట్‌ను తిట్టే మనిషిని.

వచ్చే ఐతారం రెండో తీగ మళ్ల ఎక్కియ్యాలె, మొన్నటి గాలివానకు తెగింది. గౌడన్న లేడు, ఆయన కొడుకు హైదరాబాద్ల క్యాబ్ నడుపుతుండు, వానికి చెట్టెక్కరాదు. మనుమడు డ్రోన్ తోటి దారం దాటిస్త అంటుండు. దాటిస్తే దాటియ్యనీ, ముడి మాత్రం నేనే ఏస్త, సీసా మెడ గూడ నేనే అరగదీస్త. మీకు రాబుద్ధి అయితే రాండ్రి, చెవుల గింజలు ఇంట్ల పెట్టి రాండ్రి. వచ్చేటప్పుడు హెడ్‌ఫోన్ స్టీరియో పిన్ ఒకటి కావాలె. నేను కోఠి గుజరాతీ గల్లీకి పోతే పొద్దంత పోతది. మీ ఆన్‌లైన్ల చెప్పుండ్రి, రేపటికల్ల వస్తదంటరు కదా.